సొసైటీ పాత రికార్డులు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

సొసైటీ గుమాస్తా

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. అక్కడి సహకార పరపతి సొసైటీలో గుమాస్తాగా చేస్తున్నాను. సొసైటీలను కంప్యూటర్ కిందికి తెచ్చే పని 2022లో మొదలైంది కదా, మా లెక్కలూ అందులోకి ఎక్కాయి. ఇప్పుడు పాత బిల్డింగు ఖాళీ చేసి కొత్తదానికి పోతున్నాం. అక్కడ రికార్డులకని ఇచ్చింది ఒక చిన్న రూము. పాతదాంట్లో రెండు రూములు, అటక, వరండాలో చెక్కపెట్టెలు అన్నీ నిండి ఉన్నాయి.

కమిటీలో పెద్దలేమో "కంప్యూటర్లోకి ఎక్కినాయి కదప్పా, ఇంక పాతవి దేనికి, గుజిరీ అంగడికి వేసెయ్" అంటున్నారు. నిజానికి కంప్యూటర్లోకి ఎక్కింది ఇప్పుడు లావాదేవీలు నడుస్తున్న సభ్యుల లెక్కలే. సీఈఓ సార్ మాత్రం "నువ్వు చూసి ఏవి ఉంచాలో రాసి ఇయ్యి, కమిటీలో పెడదాం" అన్నారు. ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది.

ఉన్నవి ఇవి: 1950ల చివర నుంచి తీర్మానాల పుస్తకాలు. తోలు వీపు కుట్టిన పెద్ద పెద్ద లెడ్జర్లు. సభ్యత్వ రిజిస్టర్లు, క్యాష్ బుక్కులు, ఆడిట్ రిపోర్టులు. వోచర్ల కట్టలు, రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్. ఎరువులు, విత్తనాల స్టాకు రిజిస్టర్లు. పైనుంచి వచ్చిన సర్క్యులర్లు. ఇంక గోతాల్లో కుక్కిన అప్పు అర్జీలు. జాగా తినేది అవే.

నాకు బీకామ్ వచ్చు, ఈ పని రాదు. పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో పనిచేసేవాళ్లు ఏది విలువైనదో ఎట్లా తేల్చుకుంటారు? పాతదైతే ఉంచేయడమేనా? లెడ్జర్లు చూస్తే పారేయడానికి చేతులు రావడం లేదు. అర్జీలు చూస్తే ఒట్టి చిత్తుకాగితాల మాదిరి ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

హగరి గట్టు

ఇంత ఆలోచన దేనికన్నా? ఫోన్లో స్కానర్ యాప్ వేసుకొని అన్నీ స్కాన్ చేసి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టు. కాగితం పోయినా బొమ్మ ఉంటుంది. మా ఆఫీసులో అట్లే చేశాం.

పాత కచేరి

నాయనా, నేను ఈ జిల్లాలోనే ఒక ప్రభుత్వ ఆఫీసు రికార్డు రూములో సర్వీసంతా చేసి రిటైరైనదాన్ని. మధ్యలో ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో చిన్న కోర్సుకు కూడా పంపారు. నీ ప్రశ్న చూసి సంతోషమేసింది. చాలా చోట్ల అడక్కుండానే లారీ ఎక్కిస్తారు.

పాతదైతే ఉంచేయడమేనా అంటే, కాదు. వయసుకు ఒక మర్యాద ఉంది. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993లో వచ్చిన చట్టం ప్రకారం 1892కు ముందు పుట్టిన రికార్డును, శిథిలమై దేనికీ పనికిరాకుండా పోతే తప్ప, నాశనం చేయకూడదు. అంత పాతవి మిగిలిందే తక్కువ కాబట్టి అక్కడ గీత గీసేశారు. నీ దగ్గర అట్లాంటివి ఉండే వీలే లేదు. మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చిందే 1904లో. కాబట్టి నువ్వు వయసును పక్కనబెట్టి చూడాలి.

ముందు ఒక్కో కాగితం తీసి చదవడం మానెయ్. అట్లా కూర్చుంటే ఏడాదైనా తెమలదు, పైగా ప్రతి కాగితం మీదా మమకారం పుడుతుంది. మేము చూసేది వరసలను. ఒకే పని కోసం, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చినదంతా ఒక వరస. తీర్మానాల పుస్తకాలన్నీ కలిపి ఒక వరస, వోచర్లన్నీ ఒక వరస, అర్జీలన్నీ ఒక వరస. తీర్పు వరసకు చెప్పాలి.

వరసను చూసేటప్పుడు మొదట అడగాల్సింది, దీంతో సొసైటీకి ఇంకా పని ఉందా అని. బాకీ వసూలు, కోర్టు కేసు, ఆడిట్ అభ్యంతరం, పట్టా పేపరు తాకట్టు, ఇట్లాంటివి ఏవైనా తేలకుండా ఉంటే ఆ ఏటి కాగితం ఒక్కటి కూడా కదిలించొద్దు. ఇందులో చర్చ లేదు. నీ జిల్లా సహకార అధికారి ఆఫీసులో ఏ రికార్డు ఎన్నేళ్లు ఉంచాలో నియమాలు ఉంటాయి. వాటిని తెచ్చుకొని పక్కన పెట్టుకో.

ఆ అవసరం తీరాక రెండో ప్రశ్న మొదలవుతుంది. సొసైటీకి పనికిరాకపోయినా ఊరికి, చదువుకునేవాళ్లకు, రేపు పుట్టబోయేవాళ్లకు దీంతో పని ఉంటుందా? అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో పనిచేసిన షెల్లెన్‌బర్గ్ అనే ఆయన 1956లో ఈ తేడాను స్పష్టంగా రాసి పెట్టాడు. ఆయన ఈ రెండో విలువను మళ్లీ రెండుగా చూశాడు. ఒకటి, ఆ ఆఫీసు ఎట్లా నడిచింది, ఎవరు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు అన్నదానికి సాక్ష్యం. రెండోది, ఆఫీసుతో సంబంధం లేకుండా, మనుషుల గురించి, భూమి గురించి, పంటల గురించి ఆ కాగితంలో చిక్కుకున్న సమాచారం. నీ తీర్మానాల పుస్తకాలు మొదటి రకం. వాటిలో ఒక్కటి కూడా పోగూడదు. సభ్యత్వ రిజిస్టర్లు, బైలాలు, ఆడిట్ రిపోర్టులు, జనరల్ లెడ్జర్లు అన్నీ ఉంచు. ఇవి ఎక్కువ జాగా తినవు.

అందరూ ఈ మాట ఒప్పుకోలేదు. ఇంగ్లండులో జెంకిన్సన్ అనే ఆర్కైవిస్టు 1922లోనే, ఆర్కైవిస్టు ఏరే పనికే దిగకూడదు, దిగితే అతని ఇష్టాయిష్టాలు రికార్డులో దూరిపోతాయి, తీసేసేదేదో ఆఫీసే తీసేయాలి అన్నాడు. మన రెవెన్యూ ఆఫీసుల్లో నడిచింది దాదాపు ఆ పద్ధతే. ఫైలు మూసేటప్పుడు ఆ సీటు గుమాస్తానే ముద్ర వేస్తాడు. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, కె.డిస్ మూడేళ్లు, ఎల్.డిస్ ఏడాది. ఆ గుమాస్తాకు తన ఆఫీసు అవసరమే కనపడుతుంది, అది అతని తప్పు కాదు.

దాని ఫలితం ఎట్లుంటుందో నా కళ్లతో చూశాను. కరువు పనుల ఫైళ్లలో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నడిచిన ఉత్తరాలు శాశ్వతం కింద భద్రంగా ఉన్నాయి. ఎన్ని మైళ్ల రోడ్డు, ఎంత గ్రాంటు, ఎవరు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చారు అన్నీ దొరుకుతాయి. ఆ రోడ్డు మీద కంకర కొట్టిన మనుషుల పేర్లు, వాళ్ల ఊర్లు, రోజు కూలి రాసిన మస్టర్లు మాత్రం లెక్కల కాగితాలని చెప్పి గడువు తీరగానే తీసేశారు. ఎవరో ఒకామె వచ్చి తన అవ్వ పేరు వెతకమంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజు నుంచి నేను ప్రతి వరస ముందూ ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది పోతే ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఆ ప్రశ్న నీ సర్క్యులర్లకు వెయ్యి. పంపిన ఆఫీసులో అసలు ఉంటుంది. పక్కన మీవాళ్లు ఏదైనా రాసి ఉంటే తప్ప తీసేయొచ్చు. వోచర్లకు వెయ్యి. మొత్తం క్యాష్ బుక్కులో ఉంది, ఆడిట్ అయిపోయింది, తీసేయొచ్చు. కౌంటర్‌ఫాయిల్స్ కూడా అంతే. ఎరువుల స్టాకు రిజిస్టర్లు నాకు తెలియదు, తెరిచి చూసి చెప్పు. అర్జీల సంగతి కూడా అంతే. నువ్వు చిత్తుకాగితాలన్నావు. ఒక గోతం విప్పి, అర్జీలో ఉన్న గళ్లను లెడ్జరులో ఉన్న గళ్లతో పక్కపక్కన పెట్టి చూడు. ఏది రెండుచోట్లా ఉంది, ఏది అర్జీలో మాత్రమే ఉంది అన్నది రాసుకో.

తీసేయడానికి భయపడొద్దు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లే తమ ప్రభుత్వ రికార్డుల్లో శాశ్వతంగా ఉంచేది 1 నుంచి 3 శాతమేనని చెప్తారు. అన్నీ ఉంచితే ఏదీ దొరకదు.

స్కాన్ చేయమన్న తమ్ముడికి: స్కాన్ మంచిదే. అయితే ఏది ఉంచాలో తేల్చుకున్నాక చేసే పని అది. పేర్లు, ఏళ్లు, పుట నంబర్లు రాయకుండా లక్ష బొమ్మలు డిస్కులో పోస్తే గోతంలో ఉన్నదానికీ డిస్కులో ఉన్నదానికీ తేడా లేదు. డిస్కు కూడా చెడిపోతుంది, నాలుగైదేళ్లకు ఒకసారి కొత్తదాంట్లోకి మార్చాలి. సొసైటీలో ఆ పని ఎవరు చేస్తారు?

సొసైటీ గుమాస్తా

అమ్మా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే ఒక గోతం విప్పాను. 1960ల అర్జీలు. నాకు చెమట పట్టింది.

లెడ్జరులో సభ్యుని నంబరు, పేరు, తేదీ, అసలు, వడ్డీ, కట్టింది, బాకీ, అంతే. అర్జీలో సర్వే నంబరు, ఎకరాలు సెంట్లతో సహా, మెట్టా మాగాణా, ఏ పైరు, ఎద్దులు ఎన్ని, జామీనుదార్లు ఎవరు, బయట షావుకారు దగ్గర అప్పు ఎంత. అన్నిటికన్నా ముఖ్యంగా 'అప్పు ఏ పని నిమిత్తము' అని ఒక గడి. అందులో బావి తవ్వకం, కపిల బాన (ఎద్దులతో నీళ్లు తోడేది), ఎద్దుల జత అని ఉంది. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర. వెనక్కి తిప్పితే సూపర్‌వైజర్ రాసిన నోటు. ఒకదాంట్లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "బావి చూసితిని. 28 అడుగులు. రాయి పడినది. తూటా పెట్టవలెను. ఊట కలదు."

తర్వాత ఇంకో గోతం విప్పాను. అందులో ఆయిల్ ఇంజను. ఇంకోదాంట్లో కరెంటు మోటారు, పాత బావి పూడిక తీత. ఆ తర్వాత బావిలో బోరు. ఆ తర్వాత ఉత్త బోరు. ఎద్దుల జత అనే మాటే కనపడదు. పైరు గడిలో కొర్ర, జొన్న పోయి అంతా శనక్కాయే.

ఇంకోటి. కొన్ని అర్జీల మీద ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది' అని ఉంది. వాళ్ల పేర్లు లెడ్జరులో వెతికాను, లేవు.

స్టాకు రిజిస్టర్లలో సంచుల లెక్క తప్ప ఏమీ లేదమ్మా. అదంతా ఆడిట్ రిపోర్టుల్లో ఉంది.

ఇప్పుడు నా బాధ ఏమంటే అర్జీలన్నీ ఉంచాలంటే రూము చాలదు.

పాత కచేరి

నాయనా, నువ్వు సగం పని చేసేశావు. స్టాకు రిజిస్టర్లు తీసేయ్.

తిరస్కరించిన అర్జీల మాట నువ్వు రాసింది చదివి నేను లేచి కాసేపు తిరిగి వచ్చి కూర్చున్నాను. లెడ్జరులో ఉండేది అప్పు దొరికినవాళ్లే. దొరకనివాళ్లకు లెడ్జరులో చోటు లేదు, తీర్మానాల పుస్తకంలో మహా అయితే 'ఇన్ని అర్జీలు తిరస్కరించితిమి' అన్న లెక్క ఉంటుంది. పట్టా తన పేరు మీద లేని కౌలుదారు, జామీను దొరకని మనిషి, మొగుడు పోయి పట్టా మార్పించుకోలేని ఆడమనిషి, వీళ్లంతా సొసైటీ గడప దాకా వచ్చి తిరిగి పోయినట్టు రుజువు ఈ కాగితాలొక్కటే. ఏ ఏడువైనా సరే, తిరస్కరించిన అర్జీలను అన్నీ విడిగా కట్టి ఉంచు. అవి ఎక్కువ ఉండవు.

మిగతా అర్జీలకు ఇట్లా చెయ్. మీ దగ్గర సింగిల్ విండో, అంటే రైతుకు అప్పులన్నీ ఒకే సొసైటీలో ఇచ్చే పద్ధతి, 1987లో వచ్చింది కదా. దానికి ముందువి అన్నీ ఉంచు. అప్పట్లో సభ్యులు తక్కువ, అర్జీలు తక్కువ, రాత ఎక్కువ. నువ్వు చూసిన వెనకపుట నోట్లు ఆ కాలంలోనే ఎక్కువ ఉంటాయి. దాని తర్వాత అచ్చు ఫారాలు, టిక్కులు, జిరాక్సులు పెరిగి ఉంటాయి. వాటిలో మచ్చుకు తీసుకుందాం.

మచ్చు తీయడంలో ఒక పద్ధతి ఉంది. చేతికి దొరికింది, అక్షరం బాగున్నది, మనకు తెలిసినవాళ్లది అని తీస్తే అది మచ్చు కాదు, మన ముచ్చట. ముందే నియమం పెట్టుకొని దాని ప్రకారం కళ్లు మూసుకొని తీయాలి. నీకు నేను చెప్పేది జనాభా లెక్కల ఏళ్లు. 1991, 2001, 2011. ఆ ఏళ్ల అర్జీలన్నీ ఉంచితే, ఊరి వారీగా జనాభా లెక్కల పుస్తకాల్లో ఉన్న సాగు, నీటి వసతి, కూలీల సంఖ్యలతో రేపెవరైనా పోల్చుకోవచ్చు. 1961, 71, 81 ఎట్లాగూ పాతవాటిలో ఉన్నాయి. గొలుసు తెగదు.

దానికి తోడు ఇంకో పాత కిటుకు. లావుగా ఉన్న ఫైలు ఏ ఏడుదైనా ఉంచు. అమెరికాలో మాసచూసెట్స్ కోర్టు ఫైళ్లను ఏరేటప్పుడు, లావు ఫైళ్లలోనే పెద్ద విషయాలు ఉండే అవకాశం ఎక్కువని చూసి ఆ పద్ధతి వాడారు. మామూలు అర్జీ మూడు నాలుగు కాగితాలు ఉంటుంది. ముప్పై కాగితాలు ఉందంటే అక్కడ ఏదో తగాదా, విచారణ, వాయిదా జరిగిందన్నమాట.

ఇంకో మాట మరిచిపోకు. గోతాలు విప్పినప్పుడు కలపొద్దు. ఊరి వారీగా, అక్షరాల వారీగా సర్దుదామని అనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. వాళ్లు ఏ వరసలో కట్టారో అదే వరసలో ఉండనీ. కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో, ఏ కాగితం పక్కన పడిందో అన్నదీ సాక్ష్యమే. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది 1882లో. మన తాలూకాల అంతకుముందు సంగతి కావాలంటే బళ్లారి జిల్లా కాగితాల్లో వెతకాలి. ఊరు మారినా, జిల్లా మారినా, 1953లో బళ్లారి మైసూరుకు పోయినా, రాసినవాళ్ల వరస చెడకపోతే దారి దొరుకుతుంది.

యూనివర్సిటీ రోడ్డు

మేడమ్, మీ మాటల మీద గౌరవంతోనే అడ్డం చెప్తున్నాను. నేను ఎస్కేయూలో (అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) చరిత్రలో పరిశోధన చేస్తున్నాను. ఏది ఉంచాలి అని తేల్చే హక్కు మనకు ఎక్కడిది? మాకు ఇప్పుడు అక్కరకొచ్చేవి చాలావరకు ఒకప్పుడు ఎవరూ ఖాతరు చేయనివే. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ 1821లో పోయాడు. ఆయన కింద కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్లు ఊరూరా కరణాల దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి కైఫియత్తులు (ఊరి వృత్తాంతాలు) రాయించకపోతే మన సీమ పల్లెల చరిత్ర ఎంత మిగిలేది? ఈరోజు కడప బ్రౌన్ కేంద్రం అచ్చు వేసిన కైఫియత్తుల్లో చెరువు ఎవరు కట్టించారు, ఏ దొమ్మీలో ఊరు పాడైంది, మళ్లీ ఎవరు కూర్చోబెట్టారు అన్నీ చదువుకుంటున్నాం. ఆ కవిలెల్లో ఎన్ని ఇప్పుడు దొరుకుతాయి? అప్పుడు కరణాల ఇళ్లలో అవి పాత లెక్కలే కదా.

ఈ సొసైటీ అర్జీలు భూగర్భజలాల చరిత్ర. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది, 2004లో ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత బోరు అప్పులు ఎట్లా మారాయో 2001, 2011 మచ్చులో ఎట్లా తెలుస్తుంది? మధ్యలో తొమ్మిదేళ్లు ఖాళీ. దయచేసి ఏదీ తీసేయకండి.

పాత కచేరి

బాబూ, నీ ఆవేదన నాకు తెలుసు. 2002 నుంచి 2006 దాకా ఉంచమన్నావంటే ఒప్పుకుంటాను, నువ్వు చెప్పిన కారణం గట్టిది. గుమాస్తా నాయనా, ఆ ఏళ్లు కూడా జాబితాలో చేర్చు. కారణం కూడా రాయి.

"ఏదీ తీసేయకండి" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. ఇక్కడ ఉన్నది ఒక రూము. అందులో అన్నీ కుక్కితే తీర్మానాల పుస్తకం వోచర్ల కట్ట కింద పడి చెదలకు పోతుంది, అప్పుడు ఎవరూ ఏరకుండానే పోయినట్టు. చెదలు మంచిదీ చెడ్డదీ చూసి తినదు. మనం ఏరకపోతే కాలం ఏరుతుంది, దాని తీర్పుకు కారణం రాసి ఉండదు. మేము చేసే తీర్పు తప్పు కావొచ్చు, కానీ ఎవరు చేశారు, ఏ కారణంతో చేశారు అన్నది కాగితం మీద ఉంటుంది. రేపు నీలాంటివాడు దాన్ని చదివి, ఇక్కడ ఏమి లేదో, ఎందుకు లేదో తెలుసుకొని తన లెక్క వేసుకుంటాడు.

కైఫియత్తుల మాట ఎత్తావు కాబట్టి. మెకంజీ మనుషులు కూడా ఏరుకున్నారు బాబూ. వాళ్లడిగిన ప్రశ్నలు గుడి, రాజు, పాళెగాడు, మాన్యం. ఆ ప్రశ్నలకు తగిన జవాబులే ఎక్కువగా వచ్చాయి. ఎవరెంత కూలికి పోయారు అన్నది అడిగి ఉంటే అదీ వచ్చేది. నేను ఈ అర్జీల వెనక ఇంతగా పడుతున్నది అందుకే.

శనక్కాయ చేను

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను. ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నా. మా నాయన కూడా సొసైటీ బాకీదారే. మాది వేరే మండలం. వానల్లేక రెండేళ్లు కట్టలేకపోతే బాకీదారుల జాబితా అని పేర్లు రాసి ఆఫీసు గోడకు అంటించారు. మా నాయన ఆ దారి వదిలేసి చుట్టు తిరిగి అంగడికి పోయేవాడు. మీరంతా చరిత్ర అంటున్నారు. మాకు అది తలవంపు. అర్జీలో బయట అప్పులు, ఇంట్లో ఎద్దులు, అన్నీ ఉన్నాయంటున్నారు. ఆ కాగితాలు రేపు ఎవరైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే? నాకైతే కాల్చేయమనే అనిపిస్తుంది.

పాత కచేరి

అమ్మా, నువ్వు రాయడం మంచిదైంది. ఈ మాట ముందే రావాల్సింది.

గోడకు అంటించిన ఆ జాబితాలు ఉంచాల్సిన పని లేదు. బాకీ ఎంతో లెడ్జరులో ఉంది. ఆ కాగితం చేసింది మనుషులను నిలబెట్టి చూపించడమే. గుమాస్తా నాయనా, నీ దగ్గర అట్లాంటివి ఉంటే నమూనాకు ఒకటి, అదీ పేర్లు కనపడకుండా నకలు తీసి ఉంచు, మిగతావి తీసేయ్. గోడకు అంటించేవాళ్లన్న సంగతి మాత్రం పోకూడదు.

అర్జీలను కాల్చొద్దమ్మా. కాలిస్తే మిగిలేది లెడ్జరే. అందులో మీ నాయన ఒక నంబరు, ఒక బాకీ. అర్జీలో ఆయన ఏ చేనుకు, ఏ పైరుకు, ఎంత అడిగాడో, ఎంత ఇచ్చారో ఉంటుంది. అడిగింది ఒకటి, ఇచ్చింది సగం అయితే ఆ సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. కట్టలేకపోవడానికి కారణం మనిషిలో ఉందా, ఇచ్చిన అప్పులో ఉందా అని రేపెవరైనా అడిగితే మీ నాయన తరఫున సాక్ష్యం చెప్పేది ఆ కాగితమే.

ఉంచడం వేరు, చూపించడం వేరు. ఉంచినవన్నీ అందరికీ తెరిచి పెట్టాలని ఎక్కడా లేదు. ఇన్నేళ్ల దాకా ఎవరికీ చూపించకూడదని గడువు పెట్టొచ్చు. ఆ మనిషికో, వాళ్ల పిల్లలకో అడిగితే చూపించొచ్చు. పరిశోధనకు వచ్చేవాళ్లకు, పేర్లు బయటపెట్టబోమని రాయించుకొని ఇవ్వొచ్చు. ఫోను లోపలికి తీసుకుపోనివ్వకూడదు.

శనక్కాయ చేను

కట్టి తాళం వేస్తామంటే సరేనమ్మా. ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్నేళ్లో తీర్మానంలో రాయించండి. మాటగా వద్దు.

హగరి గట్టు

నేను చెప్పింది వెనక్కి తీసుకోను గానీ ఒకటి చేరుస్తాను. ఆ లావు ఫైళ్లు, తిరస్కరించిన అర్జీలు, తీర్మానాల పుస్తకాలు, ఇవి మాత్రం స్కాన్ చేయిద్దాం. నేను శని, ఆదివారాలు వస్తాను అన్నా. ఫైలు పేర్లు ఎట్లా పెట్టాలో అమ్మ చెప్తే అట్లే పెడతాను.

సొసైటీ గుమాస్తా

అందరికీ థ్యాంక్స్. నిన్న కమిటీలో పెట్టాం. ఒకరిద్దరు మొదట "ఎందుకప్పా ఈ గోల" అన్నారు. ఆ 28 అడుగుల బావి అర్జీ తీసుకుపోయి చూపించాను. కమిటీలో పెద్దాయన ఒకరు ఆ సర్వే నంబరు విని, ఆ బావి ఇప్పుడు పూడిపోయి కంపచెట్లు మొలిచాయని, దాని పక్కనే మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయాయని చెప్పారు. తర్వాత ఎవరూ అడ్డం చెప్పలేదు. అర్జీలకు తాళం, ముప్పై ఏళ్ల గడువు, తాళంచెవి సీఈఓ దగ్గర ఒకటి, అధ్యక్షుని దగ్గర ఒకటి అని తీర్మానం రాశారు. తీసేసేవాటి జాబితా జిల్లా ఆఫీసుకు అనుమతికి పోతోంది.

చివరగా రెండు డౌట్లు. తీసేసేవి గుజిరీకి వేయొచ్చా? కొత్త రూముకు ఎప్పుడు మార్చాలి?

పాత కచేరి

అనుమతి కాగితం చేతికి రాకుండా ఒక్క కట్ట కూడా గడప దాటనీయొద్దు. గుజిరీకి వేయొద్దు. ఇటీవలి అర్జీల్లో ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్ నకళ్లు, సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. శనక్కాయలు పొట్లం కట్టే కాగితంగా అవి బజారుకు రాకూడదు. ముక్కలు చేయించి గుజ్జు మిల్లుకు పంపండి, లేదా ఇద్దరి ముందు కాల్చి పంచనామా రాయండి.

తీసేసినవాటి జాబితాలో వరస పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఎన్ని కట్టలు, కారణం, తీర్మానం నంబరు, తేదీ ఉండాలి. మూడు నకళ్లు తీయించు. ఒకటి సొసైటీలో తీర్మానాల పుస్తకంతోపాటు, ఒకటి జిల్లా ఆఫీసుకు, ఒకటి యూనివర్సిటీ అబ్బాయికి ఇచ్చి వాళ్ల డిపార్టుమెంటులో పెట్టమను. ఆ జాబితా శాశ్వతం.

తమ్ముడికి ఫైలు పేర్లు: ముందు ఏడు, తర్వాత వరస పేరు, తర్వాత కట్ట నంబరు, తర్వాత పుట నంబరు. ఏడు నాలుగంకెల్లో రాయాలి.

కొత్త రూము సంగతి. గోడలకు ప్లాస్టరింగ్ అయి ఎన్నాళ్లయిందో కనుక్కో. తడి ఆరకుండా రికార్డు పెడితే మొదటి వానాకాలానికే బూజు పడుతుంది. ఎండాకాలం అంతా కిటికీలు తెరిచి ఆరనివ్వండి. ర్యాకులు ఇనుపవే వేయించు, గోడకు జానెడు ఎడంగా, నేలకు అర అడుగు ఎత్తులో. అప్పటిదాకా పాత బిల్డింగు అద్దె కట్టమని కమిటీని అడుగు.